ఇరవై పిజ్జాల లెక్క

మనుషులు తిని పారేసింది చూస్తే నాకు అసహ్యం. మా అప్పలసూరి మావయ్య ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆ పారేసిన దాని పక్కనే నిలబడి ఉద్యోగం చేశాడు. భిలాయి స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గరి క్యాంటీన్‌లో ఆయన పని వండటం కాదు, ఎంత వండాలో చెప్పడం. హాజరు పట్టీలో ఎంతమంది ఉన్నారన్నది ఆయనకు అక్కర్లేదు. భోజనాల వేళ ఎంగిలి డ్రమ్ము పక్కన నిలబడి, ఎవరెవరు ఏం పారేస్తున్నారో చూసేవాడు. పప్పు ఎక్కువగా పడితే మర్నాడు పప్పు తగ్గేది. డ్రమ్ములో అన్నం బొత్తిగా కనిపించకపోతే ఇవాళ ఎవరో అర్ధాకలితో లేచారని తేల్చేసి, మర్నాడు బియ్యం పెంచేవాడు.

ఆయన నాకు సొంత మావయ్య కాదు. మా నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో భిలాయి వచ్చారు, సెక్టర్ 6లో పక్కపక్క క్వార్టర్లలో ఉన్నారు. ఆ వరసే మిగిలింది. ఒకప్పుడు మా తెలుగువాళ్ళ ఇళ్ళలో పెళ్ళంటే, ఇటు చరోదా రైల్వే కాలనీ నుంచి అటు నందిని గనుల దాకా, శుభలేఖలు అచ్చుకి ఇచ్చేముందు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఎంతమంది వస్తారని అడిగేవాడు కాదు ఆయన.

"నిలబడీవోళ్ళు ఎంతమంది? ముందది సెప్పండి. కూకున్నోళ్ళ సంగతి తరవాత."

నిలబడేవాళ్ళంటే టెంటు కట్టినవాళ్ళు, మేళగాళ్ళు, బస్సు డ్రైవరు, ఆకులు ఎత్తేవాళ్ళు. వాళ్ళని లెక్కలో వేసుకోని పెళ్ళివారి మొహం కూడా చూసేవాడు కాదు. ఆయన చెప్పిన లెక్కకి ఏ పెళ్ళిలోనూ అన్నం తరిగిపోలేదు, కాలవలో పారబోసిందీ లేదు. ఆయన సంపాదించుకున్న పేరల్లా అదే. ఇంకే ఆస్తీ లేదు.

తర్వాత రిటైరయ్యాడు. భార్య సీతాలక్ష్మి అత్తయ్య పోయింది. పెళ్ళిళ్ళు క్యాటరింగువాళ్ళ చేతుల్లోకి పోయాయి. కొడుకు మనోజ్‌కుమార్‌కి ప్లాంటులోనే ఆఫీసు ఉద్యోగం వచ్చింది. ఈ మనోజ్ గురించి రాయాలంటేనే నాకు రోత. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతాడు. ఎవరైనా అడిగితే "పాపా అడ్మినిస్ట్రేషన్‌లో ఉండేవారు" అంటాడు. క్యాంటీన్ అన్న మాట వాడి నోటికి రాదు, ఆ క్యాంటీన్ జీతంతోనే చదువుకున్నా సరే. ఆ ఇంట్లో మావయ్యని ఎవరూ ఏదీ అడగరు. కూర ఏం వండాలని అడగరు, పండక్కి ఎవర్ని పిలవాలని అడగరు.

అలాంటిది, మొన్న మే నెలలో మనవరాలు అమ్ము అడిగింది. పదో తరగతి మంచి మార్కులతో పాసైందని క్వార్టరు ముందు టెంటు వేసి పార్టీ అన్నారు. తిండి పిజ్జాలే, ఇంకేం వద్దని అమ్ము పట్టు. నేను గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళి అక్కడే కూర్చున్నాను.

"తాతా, పచాస్ లోగ్ వస్తారు. పిజ్జా కిత్నా మంగానా హై, నువ్వు బోలో నా."

యాభై మందికి ఎన్ని తెప్పించాలని దాని ప్రశ్న. ఆ పిల్ల తెలుగు అంతే. అన్నం, నీళ్ళు, తాత, నువ్వు దాటి నాలుగు మాటలుంటే గొప్ప.

"నన్నే అడుగుతున్నావేటమ్మా?" అన్నాడు మావయ్య. "రెండ్రోజులు ఆగు. తిండి ఎలగుంటాదో సూడకుండా లెక్క సెప్తే అది లెక్క కాదు."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బజారులో పిజ్జా దుకాణానికి బయల్దేరాడు. పెద్ద పిజ్జా ఒకటి చెప్పి, ఎనిమిది ముక్కలని వేలితో చూపిస్తూ లెక్కపెట్టి, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఆయన మొహం చూడాలి.

"ఇదేటి రేఖమ్మా, సాగుతాది గాని తెగదు. రబ్బరుకి ఉప్పు రాసినారేటి?"

అయినా వదిలిపెట్టలేదు. నేను రెండు తిన్నాను, మిగిలినవన్నీ ఆయనే కళ్ళు మూసుకుని మింగాడు. పళ్ళెంలో వదిలేయడం ఆయన ఒంట్లో లేదు. ఆ తర్వాత లేచి నేరుగా చెత్తడబ్బా దగ్గరికి పోయి నిలబడ్డాడు. రెండు గంటలు. నేను కుర్చీలో కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను, కానీ చూడకుండానూ ఉండలేకపోయాను. అంచులన్నీ కొరక్కుండా పారేస్తున్నారు. ఒకడు సగం నమిలిన ముక్కని సాసు కారుతున్న కాగితంలో ఉండచుట్టి విసిరాడు. ఒకమ్మాయి ఫొటో తీసుకుని, మూడు ముక్కలు ముట్టుకోకుండానే డబ్బాతో సహా వదిలేసి పోయింది. డబ్బా చుట్టూ పాచిపోయిన చీజ్ వాసన.

అప్పుడు దుకాణంలో పనిచేసేవాడొకడు ఎవరో వదిలేసిన డబ్బా తెచ్చి మావయ్య చేతిలో పెట్టబోయాడు.

"లో బాబా, లే జావ్. ఇధర్ మత్ ఖడే రహో."

ఎంగిలి తీసుకుని పొమ్మంటున్నాడు, ఇక్కడ నిలబడొద్దట! నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్య మాత్రం నింపాదిగా మూత ఎత్తి, లోపల మిగిలిన ముక్కలు లెక్కపెట్టి, మూత మూసి, "షుక్రియా భయ్యా" అని వెనక్కి ఇచ్చేశాడు.

సాయంత్రం వరండాలో కూర్చుని లెక్క కట్టాడు. పిల్లలు ముప్ఫై మంది, తలకి మూడు చొప్పున తొంభై. పెద్దవాళ్ళు ఇరవై మంది, రెండేసి చొప్పున నలభై. టెంటువాళ్ళు, కాపలా అతను, ఊడ్చే మనిషి, మొత్తం ఆరుగురు నిలబడేవాళ్ళు, వాళ్ళు కడుపునిండా తింటారు కాబట్టి మూడేసి, పద్దెనిమిది. మారు అడిగేవాళ్ళకి పన్నెండు. నూట అరవై ముక్కలు.

"ఇరవై," అన్నాడు అమ్ముని పిలిచి. "పెద్దయి ఇరవై. ఎవరేటన్నా మార్చకు. నా లెక్క తప్పదు."

"ఓకే తాతా," అని అది ఎగురుకుంటూ వెళ్ళి ఫోన్ అందుకుంది. ఆయన ఇరవై అనడం నేను ఈ రెండు చెవులా విన్నాను.

పార్టీ రోజు సాయంత్రం ఐదింటికి పిజ్జాల బండి వచ్చింది. దాని వెనకే ఇంకోటి. డబ్బాలు దించుతున్నారు, దించుతున్నారు, బల్లలు నిండిపోయాయి, కుర్చీలు నిండిపోయాయి. మనోజ్ బిల్లు చూసి కెవ్వుమన్నాడు.

"సాఠ్? అరవై పిజ్జాలు ఎవరు చెప్పారు?"

అమ్ము బిక్కమొహం వేసింది. దుకాణంవాళ్ళు రెండుసార్లు అడిగారట, నిజంగా అరవయ్యేనా అని. మా తాత లెక్క, తప్పదు అని ఇది గట్టిగా చెప్పిందట. తెలుగు అంకెలు వరసగా నేర్పినవాళ్ళు లేరు. ఇరవైకీ అరవైకీ తేడా మొదటి అక్షరంలోనే ఉంది, మిగతాదంతా ఒకటే మోత. హిందీలో పెరిగిన చెవికి అది, ఎక్కడో విని గుర్తున్న అరవైగా వినపడింది. ఇందులో ఆ పిల్ల తప్పేముంది? పదహారేళ్ళుగా ఇంట్లో ఒక భాషని నోరు నొక్కి చంపినవాళ్ళది తప్పు.

ఆ మాటే అనబోయాను. మావయ్య నా మణికట్టు పట్టుకుని నొక్కాడు.

"నానే సెప్పినాను," అన్నాడు అందరికీ వినపడేలా. "అరవయ్యని నానే సెప్పినాను. లెక్క తప్పింది."

మనోజ్ యాభై మంది ముందు తండ్రి మీద విరుచుకుపడ్డాడు. "తీస్ సాల్ క్యాంటీన్ మే యహీ కర్తే థే క్యా? ముప్ఫై ఏళ్ళు ప్లాంటుని ఇలాగే ముంచావా?" అన్నాడు. తండ్రిది క్యాంటీన్ ఉద్యోగమని వాడు పదిమందిలో ఒప్పుకోవడం అదే మొదటిసారి, అదీ తిట్టడానికి. చుట్టాలు నవ్వారు. పిల్లలు డబ్బాల గుట్ట ముందు నిలబడి వీడియోలు తీసుకున్నారు. మే నెల ఎండకి డబ్బాల అడుగున నూనె మరకలు పాకాయి, ఈగలు ముసిరాయి. అంత తిండి ముందు, అంత ఇకిలింపు మధ్య, నేను ఒక్క ముక్కా ముట్టుకోలేదు.

అందరూ తిన్నారు. టెంటువాళ్ళు కూడా తిన్నారు, వాళ్ళని పిలిచి కూర్చోబెట్టింది మావయ్యే. చివర్లో నేను విప్పిన డబ్బాలు ఏరి పేర్చాను. ఇరవై. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఇరవయ్యో డబ్బాలో అంచు ముక్క కూడా మిగల్లేదు. తలెత్తితే మావయ్య కూడా పెదాలు కదుపుతూ వాటినే లెక్కపెడుతున్నాడు.

"సరిపోయింది," అన్నాడు, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.

విప్పని నలభై డబ్బాల్ని ఆసుపత్రి దగ్గర రోగుల కోసం పడిగాపులు పడేవాళ్ళకి పంచుదామన్నాడు. ఇంకా పరువు తియ్యకు అని మనోజ్ వాటిని వీధి చివర చెత్తకుండీ దగ్గర దింపించాడు. మర్నాడు పొద్దున నేను పాలకి వెళ్తుంటే కుక్కలు చింపి పోగులు పెట్టాయి. మావయ్య గేటు పట్టుకుని అటే చూస్తున్నాడు. ఈ మనుషుల్ని చూస్తే కుక్కలే నయమనిపించింది నాకు.

"ఎందుకు మావయ్యా? ఇరవై అన్నావని నేను చెప్పేదాన్ని కదా."

"పదిమందిలో ఆ పిల్లని తిట్టిస్తే, మళ్ళీ నా దగ్గిరికొచ్చి ఏదైనా అడుగుతాదేటమ్మా? ఎన్నేళ్ళకో అడిగింది. నువ్వు మాత్రం ఎవరికీ సెప్పకు."

సరేనన్నాను.

మా వీధిలోనే అప్పయమ్మ గారని, వాళ్ళింట్లో మనవడి పెళ్ళి. చిన్నదే, ఇంట్లోనే వండిస్తామని, లెక్క అప్పలసూరి గారే చెప్పాలని ఉగాదినాడే మాట తీసుకున్నారు. పిజ్జాల సంగతి విన్నాక వాళ్ళు ఇటు రాలేదు. పెద్దాయనకి మతి తప్పుతోందట పాపం అని అప్పయమ్మ గారే నాతో అంది. నేను తల ఊపాను, ఇచ్చిన మాట ఉంది కదా అనుకున్నాను.

మొన్న ఆదివారం వేరుశనక్కాయలు తీసుకుని మావయ్య ఇంటికి వెళ్ళాను. వరండాలో ఆయన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. లోపల అమ్ము స్నేహితులు స్కూల్లో టీచర్ల పండగకి సమోసాలు ఎన్ని తేవాలని గోల చేస్తున్నారు. ఎవరో, మీ తాతని అడగరాదూ అన్నారు.

"తాతా కో?" అని అమ్ము పకపకా నవ్వింది. "అరే, ఉన్‌కో గిన్‌తీ నహీ ఆతీ!"

తాతకి లెక్కపెట్టడం రాదు, అంది. నలభై ఏళ్ళు భిలాయిలో బతికిన మనిషికి ఆ మాత్రం హిందీ వస్తుంది. తల తిప్పలేదు. నేను తెచ్చిన వేరుశనక్కాయలు ఒళ్ళో పోసుకుని ఒలవడం మొదలుపెట్టాడు. ఒక్క మాటతో ఆ నవ్వు ఆపగలను. తలుపు తీసే ఉంది, నాలుగు అడుగుల దూరం. ఆ మనోజ్ మీదా, నవ్విన చుట్టాల మీదా ఇన్నాళ్ళూ పెంచుకున్న అసహ్యమంతా ఒక్కసారి నా మీదికే తిరిగింది. పొయ్యి మీద పాలున్నాయని అబద్ధం చెప్పి లేచి వచ్చేశాను.