అవతలి జట్టు చొక్కా

మొన్న ఆదివారం చర్ల దాటి అడవిలోపలి పల్లెకు వెళ్లాను. అక్కడి పాస్టరుగారికి జ్వరం వచ్చిందని, వాక్యం చెప్పడానికి మనిషి లేడని ఫోను చేశారు. దారిలో వాన పట్టుకుంటే ఒక ఇంటి చూరు కింద ఆగాను. లోపల ఎవరో ఇప్పనూనె కాస్తున్నారు. ఆ జిడ్డు వాసన తగలగానే ఒక తోలుబంతి, దాన్ని తిప్పుతూ నూనె పట్టించే ఎర్రటి పెద్ద చేతులు కళ్లముందుకొచ్చాయి. అవి మా బంతి దొరగారి చేతులు.

ఆయన పేరు ఆర్థర్. ఇంగ్లండు నుంచి వచ్చి, మేము చదువుకున్న మిషన్ హాస్టలును చూసుకుంటూ, మాకు ఫుట్‌బాల్ నేర్పేవారు. తెలుగు మా ఊళ్లవాళ్ల దగ్గరే నేర్చుకున్నారు కాబట్టి మాలాగే మాట్లాడేవారు. వానకాలంలో తోలు పాడవకుండా బంతికి ఇప్పనూనె రాస్తూ వరండాలో కూర్చునేవారు. అలాంటి ఒక సాయంత్రం మా గోల్‌కీపరు ఏసోబు ఉండబట్టలేక అడిగాడు.

"దొరగారూ, మీరు మీ దేశంల పెద్ద ఆటగాడా?"

"కాదు నాయనా. మా ఊరి జట్టే చిన్నది. లీగుల అన్నిటికన్న కింది మెట్టు. నన్ను తీసుకున్నరు, యుద్ధం వచ్చింది, లీగు బందయింది."

ఆ రెండో ప్రపంచయుద్ధంలో ఆటగాళ్లంతా పటాలంలోకి పోయారట. ఏ ఊరి జట్టుకు మనిషి తక్కువైతే, ఆ దగ్గరి శిబిరంలో ఉన్న సిపాయిని పిలిచి ఆడించేవారట. "ఒకడు తక్కువున్నడు, వస్తవా అంటరు. పోత. ఆనాడు ఎవలి చొక్కా ఏసుకుంటే వాళ్లోన్ని. ఒకసారి మా ఊరి మీదనే ఆడిన. గట్టున నిలబడి మా అమ్మనే నన్ను తిట్టింది!" అని పగలబడి నవ్వారు.

"అవన్నీ రికార్డుల ఉంటయా?"

"యుద్ధంల ఆడినయి లెక్కకు రావు. యుద్ధం అయిపోయినంక ఒక్క ఏడు ఆడిన. మోకాలు పోయింది, పంపించేసిన్రు. పుస్తకంల ఆ ఒక్క ఏడే ఉంటది."

మంచి వయసంతా లెక్కకు రాని ఆటల్లో ధారపోసిన మనిషి ఆ మాట చెప్తూ బంతికి నూనె రాయడం ఆపలేదు. దేవునికి ఇచ్చేసినదాన్ని మళ్లీ లెక్కపెట్టుకోకూడదని మా సంఘంలో వినేవాణ్ణి. అలా బతికిన మనిషిని చూడటం మాత్రం అదే మొదలు.

హాస్టలులో నా చివరి ఏడాది బొగ్గుగని జట్టుతో మాకు ఆట కుదిరింది. బాగా ఆడినవాణ్ణి గనిలో ఉద్యోగంలోకి తీసుకుంటామని ఆఫీసరు కబురు పంపాడు. మా నాన్నది పోడు చేను. వాన మొహం చాటేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ ఉద్యోగం నాకు రావాలని నాన్న ఉపవాసం ఉన్నాడు, సంఘమంతా మోకరించి ప్రార్థించింది. గోల్ కొట్టాల్సినవాణ్ణి నేనే.

తీరా మైదానంలోకి దిగే వేళకు గని జట్టు నాయకుడు మల్లేశన్న పరుగున వచ్చాడు. "దొరా, మా లింగయ్య డ్యూటీ నుంచి రాలే. ఒకడు తక్కువున్నడు. ఏం జేద్దం?"

దొరగారు ఒక్క క్షణం నా వైపు చూశారు. "చొక్కా ఉన్నదా?" అన్నారు.

యాభై ఏళ్ల మనిషి, ఒక మోకాలు వంగని మనిషి, వాళ్ల పసుపు చొక్కా తొడుక్కుని సరిగ్గా నాకెదురుగా నిలబడ్డారు. మేమంతా లోలోపల సంబరపడ్డాం. మన దొరే కదా, దారి వదులుతారనుకున్నాం. మొదటి బంతినే ఆయన నా కాళ్ల దగ్గర నుంచి ముల్లు తీసినంత నెమ్మదిగా లాగేసుకున్నారు. రెండోదీ అంతే. నేను ఎటు తిరగబోతానో నాకంటే ముందే ఆయనకు తెలిసేది.

సగం ఆటయ్యాక ఏసోబు నీళ్లు తాగుతూ గొణిగాడు. "సంఘమంత ప్రార్థన చేస్తే దేవుడు దొరను అటు పంపిండేందిరా!"

నాకు ఏడుపొచ్చింది. దొరగారు దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు. "దానియేలూ, నేను వదిలిపెడితే ఆ ఆఫీసరు సారు చూసేది నీ ఆట కాదు, నా దయ. రా, నన్ను దాటు."

ఆట ముగియబోతుండగా దాటాను. ఎడమకు వంగి కుడికి తీశాను. ఆయన బురదలో పడ్డారు, బంతి వలలో పడింది. మొహమంతా బురదతో పైకి చూసి ఆయన నవ్విన నవ్వులో, ఓడినవాళ్లలో నేనెన్నడూ చూడని వెలుగు ఉంది.

ఆఫీసరు, ఆటంతా గోలు కాచిన ఏసోబును తీసుకున్నాడు. నన్ను కాదు.

ఆ సాయంత్రం దొరగారు కుంటుకుంటూ మా ఇంటికి వచ్చారు. "నీ కొడుకుకు నేనే అడ్డం నిలబడ్డ" అన్నారు నాన్నతో. నాన్న ఆయన మోకాలి వైపు చూసి అడిగాడు.

"ఒక్కసారన్న మిమ్మల్ని దాటిండా, దొరా?"

"దాటిండు. నేను ఇయ్యలే. వాడే తీసుకున్నడు."

నాన్న లేచి ఆయనకు మంచం వాల్చాడు. వేడినీళ్లు పెట్టి, ఇప్పనూనెతో ఆయన మోకాలు తనే రుద్దాడు.

నేను ములకలపల్లిలో బడిపంతులునై రిటైరయ్యాను. మొన్న ఆ పల్లె గుడిసెలో నా ముందు ముగ్గురు ముసలమ్మలు, పాలు తాగే పిల్లతో ఒక తల్లి ఉన్నారు. ఏ రిజిస్టరులోనూ ఎక్కని ఆరాధన అది. తడిసిన బట్టలతోనే నిలబడి, నాకు తెలిసినదంతా చెప్పాను. అయిపోయాక ఒక ముసలమ్మ అడిగింది. "గీ నలుగురికి గంత గట్టిగ చెప్పినవేంది, అయ్యా?"

"మీకు ఒకడు తక్కువున్నడన్నరు గదమ్మా" అన్నాను. "వచ్చిన."