గొట్టంలో జుహల్ నిలిచిన రాత్రి

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత మధ్యలో ఆపకండి. శనిగ్రహం మీద ఒట్టు వేసిన మనిషిని మీరు చూసి ఉండరు... నేను వేస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించింది లేదు. కల్పించేంత తెలివే ఉంటే దఫ్తరులో ఫైళ్లకు దారాలు కట్టుకుంటూ ముప్పై ఏళ్లు కూర్చునేవాణ్ని కాదు.

యుద్ధం నడుస్తున్న రోజులు. చార్మినార్ దగ్గరి గౌలిపురలో ఉండేవాణ్ని. పాలు పోసే మల్లయ్య ఇంటి మీది గది నాది. కింద వాకిట్లో ఆరు బర్రెలు, పైన నేను. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని మాత్రం అడక్కండి, ఆ కథ ఇంతకన్నా భయంకరం. దఫ్తరు నుంచి వచ్చాక నాతో మాట్లాడే మనిషి లేడు. పండగ రోజుల్లో మరీ కష్టంగా ఉండేది. చుట్టూ అందరి ఇళ్లలో నేతి వాసన... నా గదిలో నిన్నటి పులుసు.

అలాంటి రోజుల్లోనే ఆకాశం పిచ్చి పట్టింది. పాత సామాన్ల దుకాణంలో ఒక ఇత్తడి దుర్బీను దొరికింది. మూరెడు ఉంటుంది. గొట్టంలో గొట్టం జరిపి చూపు సరిచేసుకోవాలి. దానితో మొదటిసారి చంద్రుణ్ని చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే మా గల్లీలో మిద్దె ఎక్కడం అంత తేలిక కాదు. మగవాడు పైకి వెళ్లే ముందు మెట్ల మీద నిలబడి "పర్దా!" అని గట్టిగా కేక వేయాలి. పక్క మిద్దెల మీద ఆడవాళ్లు ఎవరైనా ఉంటే చాటుకు తప్పుకుంటారు. నా చేతిలో దుర్బీను కూడానాయె. పిలవకుండా ఎక్కితే నా ఒంట్లో ఎముక మిగిలేది కాదు.

కాబట్టి పిలిచేవాణ్ని. ఎడమ పక్క మిద్దె మీది నుంచి జవాబు వచ్చేది.

"హోగయా బేటా... ఆజావ్."

తప్పుకున్నాను, రా నాయనా అని. ముసలి గొంతు. బుగ్గన ఆకువక్క పెట్టుకుని మాట్లాడినట్టుండేది. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. పగలు ఒక పనామె వచ్చి వండిపెట్టి పోయేది. పుట్టింది మెదక్ వైపు పల్లెలోనట, తెలుగు బాగా వచ్చు. మా రెండు మిద్దెల మధ్య నిలువెత్తు గోడ. ఆమె గోడకు అటు మంచం వేసుకుని కూర్చునేది. నేను ఇటు. ఆరేళ్లు అలా గడిచాయి. ఆమె ముఖం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాణ్ని.

"ఇయ్యాల ఏం జూసినవ్ బేటా?" అని అడిగేది.

చెప్పేవాణ్ని. ముష్తరీ అంటే గురుగ్రహం, దాని పక్కన నాలుగు చుక్కలు... మిర్రీఖ్ అంటే కుజుడు, ఎర్రగా నిప్పు రవ్వలా... పేర్లు ఆమెకు తెలిసిన భాషలోనే చెప్పేవాణ్ని. ఊ కొట్టేది. రోజంతా నేను దాచుకున్న మాటలన్నీ ఆ గోడకే చెప్పుకున్నాను.

ఒక పున్నమికి అడిగింది. "నాకు గూడ జర చాంద్‌ను సూపియ్యరాదు?"

గోడ మీద దుర్బీను పెట్టాను. అటు నుంచి ఒక చెయ్యి వచ్చింది. ఆకుపచ్చ గాజులు. గోడంతా తడుముకుంటూ వచ్చి దుర్బీనును పట్టుకుంది. గోడ ఎత్తు కదా, అందడం లేదు పాపం అనుకున్నాను. చాలాసేపటికి గొంతు వచ్చింది.

"మా అమ్మ జేసిన రొట్టె లెక్కున్నది బేటా. నడుమ మాడిన మచ్చలు."

మనసు నిండిపోయింది నాకు. దుర్బీను తిరిగి తీసుకుని కన్ను పెడితే చంద్రుడు స్పష్టంగా ఉన్నాడు. అది వింత. నావి సోడాబుడ్డి అద్దాల కళ్లు. అద్దాలు తీసి చూస్తాను. నాకు సరిపోయే చూపు ఇంకెవరికీ సరిపోదు. ఎవరు చూసినా గొట్టాన్ని ముందుకో వెనక్కో జరపాల్సిందే. ఖాలా జరపలేదు.

"మన కండ్లు ఒక్కతీరుగున్నయ్ ఖాలా!" అన్నాను.

ఆమె చిన్నగా నవ్వింది.

ఆ తర్వాత నాకు చిన్న దుర్బీను చాలలేదు. ఈ పిచ్చి పట్టినవాళ్లందరికీ ఇంతే. సికింద్రాబాదులో ఒక ముసలి దొర దగ్గర నాలుగంగుళాల అద్దం ఉన్న పెద్దది ఉందని విన్నాను. నిలువెత్తు గొట్టం, మూడు కాళ్ల స్టాండు. ఎన్ని ఆదివారాలు ఆ బంగళా చుట్టూ తిరిగానో! ఆయన స్వదేశం వెళ్లేటప్పుడు ఇస్తానని మాట ఇచ్చాడు.

ఆ మాట ఖాలాకు చెబితే నాకంటే ఎక్కువ సంబరపడింది. "దాంట్ల జుహల్ కనవడ్తదా?" అంది. జుహల్ అంటే శని. "చుట్టు కడియం ఉంటదంటివి గద. గది జూడాలె."

మాట ఇచ్చాను. కానీ అంత పెద్దది గోడ మీది నుంచి అందించడం ఎలా? ఆమే ఉపాయం చెప్పింది. గోడ చివర చిన్న దిడ్డి తలుపు ఉంది, గడియ నా వైపు. "నువ్వు జుహల్‌ను పెట్టి, గడియ దీసి కిందికి దిగు. నేనచ్చి జూసి పోత. నువ్వు మళ్ల ఎక్కేటప్పుడు పిలువు, మర్చిపోకు."

ఇంకో సంగతి కూడా నేర్పాను. భూమి తిరుగుతుంది కదా... పెద్ద గొట్టంలో గ్రహం ఒక్కచోట నిలవదు. నడుమ పెడితే నిమిషంలో అంచు దాటి పోతుంది. పోకుండా గొట్టాన్ని చేత్తో జరుపుతూ ఉండాలి. "ఒక్క వేలితో ఖాలా. గట్టిగ నూకొద్దు." ఆమె "ఒక్క వేలు... ఒక్క వేలు" అని పాఠంలా అప్పజెప్పుకుంది.

ఆ వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. ఆమె అక్క కొడుకు ఔరంగాబాదు నుంచి వచ్చి టాంగాలో తీసుకుపోయాడట. నేను దఫ్తరులో ఉన్నాను. సాయంత్రం మెట్ల మీద నిలబడి "పర్దా!" అన్నాను... జవాబు లేదు. ఆ ఇంటికి తాళం.

తర్వాత కబురు లేదు. రోజూ పిలుస్తూనే ఉన్నాను, అలవాటు కదా. పిలిచి, కాసేపు ఆగి, ఎక్కేవాణ్ని. ఆ ఆగే కాసేపు చాలా పొడుగ్గా ఉండేది.

చలికాలంలో పెద్ద దుర్బీను వచ్చింది. బొంతలో చుట్టి, పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని టాంగాలో తెచ్చాను. ఓడ ప్రయాణంలో పనికొస్తుందని నా చిన్న దుర్బీను దొర తీసుకున్నాడు. ఆమె చెయ్యి తగిలిన వస్తువు అదొక్కటే. అదీ సముద్రం దాటిపోయింది. ఇచ్చాక బాధ పడ్డాను.

సందెవేళ మల్లయ్య చూస్తానన్నాడు. పర్దా అని పిలిచి పైకి తీసుకెళ్లాను. చార్మినార్ వైపు తిప్పి కన్ను పెట్టి, ఒక్క ఎగురు ఎగిరాడు.

"గిదేంది మున్షీ సాబ్! గింత పెద్ద దుర్బీన్ దెచ్చి చార్మినార్‌ను తలకిందులు జేస్తివి!"

"చుక్కలు జూసే దుర్బీన్ గట్లనే ఉంటది మల్లన్నా."

"మళ్ల మసకమసకగున్నదేంది?" అని చూపు సరిచేసే మర తిప్పాడు. చెప్పాను కదా... నా కళ్లకు పెట్టింది ఎవరికీ సరిపోదు. అతను దిగిపోయాక మళ్లీ నా చూపుకు తిప్పుకున్నాను.

తిండి తిని, తొమ్మిది దాటాక పైకి బయలుదేరాను. ఒక్కణ్నే. అమావాస్య చీకటి. మెట్ల మీద నిలబడి "పర్దా!" అన్నాను.

ఆగాను.

కాలు పై మెట్టు మీద పెట్టబోయాను...

"హోగయా బేటా... ఆజావ్."

నా కాలు గాలిలోనే ఉంది. అదే గొంతు. అదే ఆకువక్క. చివరి మాట అలాగే సాగింది... ఆజా...వ్.

భయం వేసింది. వేయలేదని చెప్పను. కానీ నిజం చెబుతున్నాను, భయం కంటే ముందు సంతోషం వేసింది. ఎన్ని నెలలైంది నన్నెవరైనా బేటా అని!

పైకి వెళ్లాను. గోడ నల్లగా ఉంది. "ఖాలా? ఎప్పుడచ్చినవ్?"

గోడకు అటు గాజుల చప్పుడు. గల్... ఒక్కసారే.

"పానం మంచిగున్నదా?"

ఏమీ లేదు.

ఏం చేయాలో తోచక ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలనుకున్నాను. తూర్పున రోహిణి పక్కన జుహల్. పది సార్లు తప్పిపోయింది. చివరికి దొరికింది. మర తిప్పాను... కడియం! సన్నగా, గీసినట్టు, చుట్టూ నల్లటి ఖాళీతో. ఇది గుర్తు పెట్టుకోండి. దిగే ముందు నేను కడియాన్ని స్పష్టంగా చూశాను.

దిడ్డి గడియ తీశాను. "ఖాలా... జుహల్‌ను పెట్టిన. నేను కిందికి పోతున్న. ఒక్క వేలు..." అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

వాకిట్లో బర్రెల పక్కన కూర్చుని బీడీ ముట్టించాను. కథల్లోలా బర్రెలు బెదరలేదు. కుక్కలు ఏడవలేదు. ఆరూ హాయిగా నిద్రపోతున్నాయి. నాకు అదే ఎక్కువ భయం వేసింది. ఇంత మామూలుగా ఉంటుందా?

పైన... కిర్‌ర్‌...

దిడ్డి తలుపు.

తర్వాత నెమ్మదిగా అడుగులు. ఒకటి... ఇంకొకటి... ఆగాయి. మొదటి బీడీ అయిపోయింది. రెండోది ముట్టించాను. పైన చప్పుడు లేదు. రెండోది కూడా వేళ్లకు అంటుకునేదాకా తాగాను.

అప్పుడు వినిపించింది. పెద్దదేం కాదు. ఎవరో ఊపిరి లోపలికి పీల్చినట్టు. "హా...!" అని. చల్లటి నీళ్లు తాగిన పిల్లలు అంటారే, అలా.

ఇక కూర్చోలేకపోయాను. లేచి మెట్ల మీద పరుగెత్తాను. సగంలో గాజులు గలగలమన్నాయి, దిడ్డి టప్‌మంది... పై మెట్టు మీద గుర్తొచ్చింది.

పిలవలేదు నేను. పర్దా అనలేదు.

మిద్దె ఖాళీ. దిడ్డి మూసి ఉంది. "మాఫ్ చెయ్యి ఖాలా, మర్చిపోయిన" అన్నాను గోడతో.

దుర్బీను దగ్గరికి వెళ్లాను. రెండు బీడీల సేపు కదా, గొట్టంలో ఉత్త చీకటే ఉండాలి. జుహల్ ఎప్పుడో దాటిపోయి ఉండాలి. కన్ను పెట్టాను.

జుహల్ ఉంది.

సరిగ్గా నడుమ... మెల్లగా అంచు వైపు కదులుతూ. ఎవరో అప్పుడే వేలు తీసినట్టు.

కానీ మసకగా ఉంది. మంచు పట్టిందనుకుని అద్దం తుడిచాను. అద్దం పొడిగా ఉంది. మళ్లీ చూశాను. మసకే. అప్పుడు నా వేళ్లు మర మీదికి వెళ్లాయి... అరచుట్టు తిరిగి ఉంది. వెనక్కి తిప్పితే కడియం తేలింది.

అంటే ఎవరో తిప్పారు. నా కన్ను కాని ఇంకో కంటికి సరిపోయేలా.

ఆ రాత్రి గదిలో దీపం ఆర్పలేదు. తెల్లారగానే వెళ్లి చూస్తే పక్కింటి తాళం తుప్పు పట్టి ఉంది. తాళం నుంచి గొళ్లెం దాకా సాలెగూడు, చెక్కు చెదరలేదు.

వేసవిలో ఆ అక్క కొడుకు ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చాడు. ఖాలా ఎట్లున్నదని అడిగాను. ఔరంగాబాదు చేరిన వారానికే పోయిందట. వానలు పడుతుండగానే. నేను మెట్ల మీద ఊరికే కూర్చుండిపోయాను. ఓదార్చాలనుకున్నాడేమో, నా పక్కన కూర్చున్నాడు.

"ఒక్క తీరుగ మంచిగనే అయింది సాబ్. మస్తు తక్లీఫ్ పడ్డది. కండ్లు గూడ లేకుండె గద."

"కండ్లు... లేకుండెనా?"

"పదేండ్లాయె. రెండు కండ్లల్ల పొరలు. తన చెయ్యి తనకు కనవడకపోతుండె. మీకు ఎరుక లేదా? గోడ పక్కకే ఉంటిరి గద!"

నాకు ఎరుక లేదు. గోడ మీద తడుముకున్న చెయ్యి గుర్తొచ్చింది. జరపని గొట్టం గుర్తొచ్చింది. మా అమ్మ చేసిన రొట్టె... మాడిన మచ్చలు... ఆ పున్నమి రాత్రి ఖాలా ఏమీ చూడలేదు. నా ముచ్చట కోసం చూశానంది. ఆరేళ్లు నేను ఆమెకు ఆకాశం చూపిస్తున్నాననుకున్నాను. తోడు లేనివాణ్ని నేనని ఆమెకు గొంతును బట్టే తెలిసిపోయి ఉంటుంది. ఏడ్చాను. అతని ముందే ఏడ్చాను.

మరి చలికాలంలో మర తిప్పిన కన్ను ఎవరిది?

చేయి తగిలి నేనే తిప్పేశానేమో. గొంతు ఇంకే మిద్దె మీదిదో. జుహల్ సంగతికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. పెద్ద చదువులు చదివిన ఒకాయనను అడిగాను. స్టాండు బిగుసుకుపోయి ఉంటుందన్నాడు. బిగుసుకుంటే జుహల్ నిమిషంలో దాటిపోవాలి కదా అన్నాను. ఆయన మాట మార్చాడు.

నన్ను కాల్చేది భయం కాదు. పిలవకుండా ఎక్కాను. ఇంకో బీడీ సేపు కింద ఉంటే ఏం పోయేది నాది? ఎక్కేముందు పిలువు... ఆమె అడిగింది అదొక్కటే.

ఇప్పటికీ జుహల్ కనిపించే రోజుల్లో గొట్టంలో నడుమ పెడతాను. దిడ్డి గడియ తీస్తాను. కిందికి దిగి రెండు బీడీలు కాదు, మూడు తాగుతాను. మెట్ల మీద నిలబడి "పర్దా!" అంటాను. జవాబు రాదు. అయినా ఆగి, నెమ్మదిగా ఎక్కుతాను. గొట్టంలో ఉత్త చీకటి ఉంటుంది. మర నేను ఎక్కడ వదిలానో అక్కడే ఉంటుంది.