పటేలు వీపు మీద నా బొటనవేళ్లు

నాకు ఎనిమిదేళ్లప్పుడు, మోత్కూరు దగ్గర మా ఊళ్లో, పనికి ఆలస్యంగా వచ్చాడని పటేలు మా బాపును వంగోబెట్టి వీపు మీద బండ పెట్టించాడు. మధ్యాహ్నం దాకా దించనివ్వలేదు. ఆ తర్వాత బాపు నిటారుగా నిలబడలేకపోయాడు.

పన్నెండేళ్ల తర్వాత నేను భువనగిరిలో ఒక దవాఖానలో నర్సుగా ఉన్నాను. నడుం పట్టేసిన అదే పటేలును మంచం మీద మోసుకొచ్చారు. డాక్టరుగారు తైలం రుద్దమన్నారు. బోర్లా పడుకోబెట్టి, వెన్నెముక పక్కన బొటనవేళ్లు లోతుగా దించాను.

“అమ్మో! జర మెల్లగ, బిడ్డా!”

“పై కండలు నాలుగు రోజుల్ల సర్దుకుంటయి పటేలా. గీ అడుగున ఎముకను పట్టుకొని సన్న కండలుంటయి. గవి తెగితే మనిషి మల్ల నిలవడలేడు. మా బాపుకు గవే తెగినయి. బండ పెట్టించింది నువ్వే.”

జీవితంలో మొదటిసారి ఆయన్ని ‘నువ్వు’ అన్నాను. ఆయన మెడ తిప్పి చూశాడు.

“నువ్వు ఎల్లయ్య బిడ్డవా?”

“అవును” అని ఇంకా గట్టిగా నొక్కాను. ఆయన అరుపుకు వార్డంతా లేచి కూర్చుంది.

వారానికి పటేలు నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. ఊరెళ్లి బాపుకు అంతా చెప్పాను.

“మరి తక్కువైందా ఆయనకు?” అని అడిగాడు.

“అయింది బాపూ.”

బాపు అటు తిరిగి పడుకున్నాడు.

నర్సుగా నేనలా నొక్కడం తప్పే. కానీ ఇన్నేళ్లుగా నన్ను బాధపెడుతున్నది అది కాదు, ఆయనకు నయం చేయడమే.