చెంచలికూరను మిరపకాయల్లా ఎండబెట్టాను

మూడేళ్ల క్రితం, పత్తిలో కలుపు తీసే రోజులు. గుంటూరు దగ్గర ఒక కాలేజీలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. మా ల్యాబ్ ఎంత పాతదంటే, గోడమీది బల్లులు కూడా నాకంటే సీనియర్లు.

కలుపు కూలీల జట్టుకు పెద్దదిక్కయిన మరియమ్మగారు ఒకరోజు చెంచలికూర పట్టుకొచ్చారు. మందు కొట్టని గట్ల మీద ఏరి, మా హాస్టలుకు రోజూ తెచ్చి అమ్ముతామన్నారు. కలుపు లేని రోజుల్లో ఆ జట్టు ఆడవాళ్లకు వేరే పని లేదు.

వార్డెన్ మేడం ముఖం చిట్లించారు. "కలుపు మొక్కలు పిల్లలకు పెట్టమంటారా? అందులో ఏముందో ల్యాబ్ వాళ్లు చెప్పాలి. లేదంటే వద్దు."

"మేం పుట్టినకాడి నుంచి తింటన్నాం గదమ్మా! పొద్దస్తమానం వొంగి కలుపు తీస్తన్నా, ఏనాడన్నా నడుం పట్టేసిందా?"

మేడం వినలేదు. వాళ్ల ఆశంతా నా గాజుగొట్టంలో పడింది.

చేయాల్సింది డీపీపీహెచ్ టెస్టు. అదొక ముదురు ఊదారంగు ద్రావణం. ఆకులో యాంటీ ఆక్సిడెంట్లు, అంటే ఒంట్లో కణాలు పాడవకుండా అడ్డుపడేవి, బాగా ఉంటే ఊదా పోయి పసుపు తేలుతుంది. నేను ఆకును మేడమీద పరిచి, మూడు రోజులు మండుటెండలో గలగలలాడించి, పొడిచేసి రసం తీసి కలిపాను. ఊదారంగు రవ్వంత వెలిసి ఊరుకుంది.

కబురందుకున్న మరియమ్మగారు మర్నాడే వచ్చి, మేడమీద మిగిలిన ఆకు చూసి నడుం మీద చెయ్యేసుకున్నారు.

"ఇదేమన్నా మిరపకాయనుకున్నావా సారూ? మీకు ఏం దొరికినా కళ్లంలో పొయ్యటమేనా!"

"మరెలా ఆరబెట్టాలండీ?"

"నీడపట్టున, గాలి తగిలేట్టు. పచ్చదనం పోయాక ఇంకేముంటది, గడ్డి!"

మా పద్ధతుల పుస్తకంలోనూ 'షేడ్ డ్రయింగ్' అనే ఉంది. మిరప రైతు కొడుకుని కదా, పుస్తకం తెరవకుండానే చేతులు పని కానిచ్చేశాయి. సిగ్గు విడిచి ఆ మాట మేడంకు చెప్పి, కొత్త ఆకును వరండా నీడలో ఆరబెట్టాను.

ఈసారి మేడం ఎదురుగానే రసం కలిపాను. అరగంటకల్లా గొట్టమంతా పసుపు! మా బల్లులు చప్పట్లు కొట్టాయంటే మీరు నమ్మరు, వదిలేయండి. మేడం మాత్రం "రేపటినుంచే తెమ్మనండి" అన్నారు.

రిపోర్టులో 'శాంపిల్ తయారీ' దగ్గర మరియమ్మగారి పేరు రాశాను. మా ల్యాబ్ పెద్దసారు కొట్టేయమన్నారు. పద్ధతి చెప్పినవాళ్ల పేరు ఉండాల్సిందేనని పట్టుబట్టి ఉంచాను. కబుర్లలో ఎన్ని కలిపినా, ఆ కాగితంలో ఒక్క అక్షరం కలపలేదు.

ఇప్పుడు ఏ ఆకు వచ్చినా, తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి "దీన్ని మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని అడుగుతాను. గాజుగొట్టం ముట్టుకునేది ఆ తర్వాతే.