చుక్కల కొండకు చందనం పట్టుకెళ్ళాను

నాకు సంతకం పెట్టడం, బస్సు మీద నంబరు చదవడం వచ్చు. అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. మా వైపు నుంచి ఎవరైనా ఆ కొండకు వెళ్తే పనికొస్తుందని చెబుతున్నాను.

బయల్దేరే రోజు పొద్దున్నే సింహాచలం వెళ్ళి అప్పన్న చందనం పొట్లం తీసుకున్నాను. గోపాలపట్నంలో ఇంటికి తాళం వేసి, మధ్యాహ్నానికే విశాఖపట్నం స్టేషన్లో కూర్చున్నాను. రైలేమో సాయంత్రం. మా ఆయన ఉన్నప్పుడు ఎప్పుడూ ఆఖరి నిమిషంలో పరుగే. ఆయన పోర్టులో ఇనుపరాయి దించే చోట పనిచేసేవాడు. డ్యూటీ దిగి వస్తే కనురెప్పల మీద కూడా ఎర్ర దుమ్మే. రెండు బకెట్ల నీళ్ళు పోసుకుంటేగానీ మొహం బయటపడేది కాదు. ఆ స్నానానికే రైళ్ళు తప్పేవి. ఇప్పుడు ఆయన లేడు. రైలు కంటే ముందొచ్చి ఏం చేసుకోవాలో తెలియక ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను.

ప్రయాణం దేనికంటే, మా గౌరి కోసం. ఒక్కతే కూతురు. బెంగళూరులో ఉండి చుక్కల మీద పరిశోధన చేస్తోంది. అన్ని చుక్కలూ కాదు. కొత్తగా పుట్టిన చుక్కల చుట్టూ గాలీ దుమ్మూ పళ్ళెంలా తిరుగుతుంటాయట, వాటిని చూడటం దాని పని. తమిళదేశంలో జవ్వాది కొండల మీద పెద్ద దూరదర్శిని ఉంది. అక్కడ దానికి నాలుగు సాయంత్రాలు ఇచ్చారు.

"అమ్మా, ఈసారి నువ్వు రా. నానేటి సేత్తన్నానో ఓసారి సూడు" అని ఫోన్ చేసింది.

"మీ నాన్న బట్టల దుమ్ము ఉతికి ఉతికి నా సేతులరిగిపోనాయి. మళ్ళీ దుమ్ము సూడ్డానికి అంత దూరం రావాలేటే?" అన్నాను.

"ఆ దుమ్మేనమ్మా. అందులో ఇనుము కూడా ఉంటాది" అంది.

ఆ మాట మీదే టికెట్ తీయించుకున్నాను.

స్లీపర్లో కింద బెర్తు దొరికింది. ఎదురుగా బొబ్బిలి ఆవిడ, భర్తను వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్తోంది. పక్కన గోదావరి వైపు పెద్దమనిషి, స్టీలు ప్లాంటులో రిటైరై గాజువాకలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ రైల్లో మా వైపు వాళ్ళెక్కితే వేలూరుకే అనుకుంటారు.

"నీకేటి జబ్బప్పా?" అని అడిగింది బొబ్బిలి ఆవిడ.

"జబ్బు నేదు. చుక్కలు సూడ్డానికెల్తన్నాను."

"ఓలమ్మో! చుక్కలకి టిక్కెట్టెందుకు, డాబా ఎక్కితే సాలదేటి?"

అవి పసి చుక్కలని చెప్పాను. పెద్దమనిషి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"పసివంటే ఎన్నేళ్ళుంటాయండీ?"

"పది లచ్చల ఏళ్ళంట బాబూ."

"ఓరి నాయనోయ్! అది పసిబిడ్డయితే నేనింకా పుట్టనే లేదన్నమాటండీ!"

ఆసుపత్రి బెంగతో ఉన్న ఆ భర్త కూడా నవ్వాడు. రాజమండ్రి దాటాక అందరం డబ్బాలు విప్పాం. నా పులిహోర వాళ్ళకు, వాళ్ళ చేపల పులుసు నాకు. వెళ్ళేవాళ్ళు అన్నం, కూర పట్టుకెళ్ళండి, రైల్లో అమ్మేది ఉడికీ ఉడకని అన్నం.

మర్నాడు పొద్దెక్కాక జోలార్‌పేటలో దిగాను. గౌరి స్టేషన్‌కు వచ్చింది. కళ్ళు పీక్కుపోయి, జుట్టు ముడి ఊడిపోయి ఉంది.

"మూడు సాయంత్రాలూ మబ్బేనమ్మా. ఇయ్యాల ఒక్కటే మిగిలింది" అంది.

కొండ బస్సు ఎక్కాం. మలుపు మలుపుకీ నా కడుపులో ఇడ్లీ పైకొస్తోంది. నా మనసు మళ్ళించడానికి అది చెప్పుకొచ్చింది.

"ఆషాఢ పున్నమికి మనం గిరిప్రదక్షిణ సేత్తాం కదా. సింహాచలం కొండ చుక్కనుకో. సుట్టూ తిరిగే జనం దుమ్ము. నడుత్తా నడుత్తా ఒకరి సెయ్యి ఒకరు పట్టుకుని గుంపు కడతారా? అలా దుమ్ము గుంపు కట్టిందే మన భూమి."

"మజ్జిగ పందిళ్ళు కూడా ఉంటాయేటి?"

"అమ్మా!"

"సరేలే సెప్పు. ఆ పళ్ళెం నాకు సూపిత్తావా?"

"మన యంత్రానికి అంత సూపు నేదు. చుక్క వెలుగుని ఇడదీసి గీత గీయిత్తాం. గీతలో ఓ చోట గట్టు లేచిందంటే, పళ్ళెంలో గాలి ఇంకా చుక్క మీద పడతన్నట్టు. పోయినేడు గట్టున్నాది. ఈయేడు ఉందో, నేదో తెలీకపోతే నా పని ముందుకెల్దు."

చీకటి పడ్డాక రెండు గంటల్లో ఆ చుక్క పడమటి కొండ వెనక్కి దిగిపోతుందట. ఇవాళ తప్పితే మళ్ళీ చలికాలమే. అప్పటికి దూరదర్శిని ఇస్తారో, ఇవ్వరో. బస్సు దిగేదాకా అది కిటికీలోంచి మబ్బులనే చూస్తూ కూర్చుంది.

కొండ మీద ఉండటానికి గది ఇచ్చారు. శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు లేవు. సాంబారన్నం, పెరుగు పెట్టారు. మార్చి నెలైనా సాయంత్రానికి చలి, శాలువా తప్పనిసరి. స్నానం చేసి నేను కూడా దూరదర్శిని ఉన్న గుండ్రటి ఇంట్లోకి వెళ్ళాను. పెద్ద గొట్టాన్ని పక్కకు వాల్చి, మూతలు తీసి, మురుగన్ అనే పెద్దాయన అంతా సరిచూసుకుంటున్నాడు. ఆ యంత్రం నడిపేది ఆయనే, తెలుగు కూడా కాస్త వచ్చు. కాసేపటికి టీకి వెళ్ళాడు. గౌరి లోపలి గదిలో కంప్యూటర్ ముందుంది.

మా వైపు కొత్త బండికైనా, రేవులో క్రేనుకైనా, కుట్టు మిషనుకైనా బొట్టు పెట్టకుండా పని మొదలుపెట్టరు. ఇంత పెద్ద యంత్రం, దీనికి ఎక్కడా చిన్న బొట్టు కూడా లేదు. మూడు రోజులు మబ్బు పట్టిందంటే పట్టదా మరి! పెద్ద గొట్టం పక్కనే చిన్న గొట్టం ఉంది, నా ఎత్తుకు అందింది. చివర గుండ్రటి అద్దం, అచ్చం మొహంలా ఉంది. అప్పన్న చందనం అరచేతిలో తడిపి, పిసినారితనం చెయ్యకుండా నిండుగా పెట్టాను. దణ్ణం పెట్టుకుని బయటకొచ్చి కూర్చున్నాను.

పొద్దు వాలుతుంటే మబ్బు వీడింది. నిజం, నా కళ్ళతో చూశాను. పైకప్పు గడగడమని రెండుగా విడిపోయింది. రేవులో క్రేను కదిలిన చప్పుడే. గౌరి మొహంలో వెలుగొచ్చింది.

ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. చిన్న గొట్టం పెద్దదానికి దారి చూపేదట. ముందు అందులో చుక్కను పట్టుకుంటేగానీ పెద్దదానికి అందదు. తెర మీద చూస్తే పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది.

"ఇంకా మబ్బేనా?" అంది గౌరి.

మురుగన్ బయటికి వెళ్ళి చూసొచ్చాడు. "మబ్బు లేదమ్మా. కంటికే నక్షత్రాలు తెలుస్తా ఉన్నాయి."

తీగలు పీకి పెట్టారు. ఏవో మీటలు ఆపి మళ్ళీ వేశారు. తెర అలాగే ఉంది. చుక్క దిగిపోతోంది. గౌరి మాటిమాటికీ గడియారం చూసుకుంటుంటే నాకు ప్రాణం ఆగలేదు.

"బెంగెట్టుకోకే. నాను బొట్టెట్టినాను, అన్నీ సక్కగా అవుతాయి."

అది మెల్లగా నా వైపు తిరిగింది.

"దేనికెట్టినావు?"

"ఆ సిన్న గొట్టానికి."

"గొట్టానికెక్కడ?"

"మొగానికి."

మురుగన్ గొట్టాన్ని కిందకు వాల్చి టార్చి వేశాడు. చందనం ఎండి, ఎండాకాలం పొలంలా బీటలు వారింది. నా బిడ్డ సాయంత్రాన్ని నా చేత్తోనే కప్పేశాను.

"ఏ కోవెలమ్మా?" అని అడిగాడు మురుగన్.

"సింహాచలం బాబూ."

ఆయన ముందు అద్దానికి దణ్ణం పెట్టాడు. తర్వాత దూదీ స్పిరిటూ తెచ్చి, పసిబిడ్డ కళ్ళు తుడిచినట్టు మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు. గీత పడకూడదట. తొందర పెట్టకుండా గౌరి పెదవి కొరుక్కుంటూ టార్చి పట్టుకుంది. ఒక దూది, ఇంకో దూది. పాలలాంటి తెర పలచబడింది, నల్లబడింది. నట్టనడుమ చిన్న చుక్క నిలబడింది.

మా అప్పన్న ఏడాది పొడుగునా చందనంలోనే ఉంటాడు. ఒక్క రోజే నిజరూప దర్శనం. గౌరికీ అదే తట్టినట్టుంది. ఏడుపో నవ్వో తెలియని గొంతుతో, "మాయమ్మ నిజరూప దర్శనం సేయించీసింది" అంది. మురుగన్‌కు అర్థం కాకపోయినా నవ్వాడు.

సగానికి పైగా సమయం పోయింది. చుక్క వెలుగును మూడుసార్లు పట్టాల్సింది, ఒక్కసారికే వీలైంది. చుక్క చెట్ల చివర్లకు దిగేసరికి తెర మీద గీత వచ్చింది. వంకర టింకర గీత, దాని మధ్యలో గోపురంలా ఒక గట్టు.

"ఉన్నాదమ్మా! పోయినేటి కంటే పెద్దదున్నాది!"

నా వేలు పట్టుకుని ఆ గట్టు మీద పెట్టింది. దాని చెయ్యి మంచులా ఉంది. నాకు ఆ గీతలో ఏమీ తెలియలేదు. తోచిందే అన్నాను.

"అయితే ఇంకా దుమ్ములోనే ఉన్నాదన్నమాట. తానం అవనేదు."

గౌరి నా భుజం మీద తల పెట్టి, "నేదమ్మా. ఇంకా డ్యూటీ దిగనేదు" అంది.

మర్నాడు అదే బస్సులో దిగి, మళ్ళీ విశాఖపట్నం రైలెక్కాను. మురుగన్ ఆ చందనం దూదిని పారెయ్యలేదు, తన గదిలో దేవుడి పటం దగ్గర పెట్టుకున్నాడు. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. చందనం పట్టుకెళ్ళండి, తప్పు లేదు. మీ నుదుటికి పెట్టుకోండి, ఆ మురుగన్‌కు ఇవ్వండి. అద్దాల జోలికి మాత్రం వెళ్ళకండి.

తెల్లారేసరికి దువ్వాడ వచ్చింది. స్టీలు ప్లాంటు పొగగొట్టాలు కనబడ్డాయి. కిటికీ చువ్వల మీద మా ఊరి దుమ్ము సన్నగా పేరుకుని ఉంది. వేలితో రాస్తే ఎర్రగా అంటింది. ఇదివరకైతే వెంటనే కొంగుతో తుడిచేసుకునేదాన్ని. ఈసారి ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, స్టేషన్ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.