అక్కకు చూపించిన జలపాతం

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు. మణికొండ సందుల్లో అద్దెకు గది దొరకడం కష్టమూ, దొరికిన గదిలోకి గాలి రావడం ఇంకా కష్టమూ అయిన రోజులు. నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది. ఆ వయసులో ఫోన్ మీద ఉన్న నమ్మకం నాకు తోటి మనిషి మీద ఉండేది కాదు. ఆకలేసినా ఫోన్‌నే అడిగేవాణ్ని, జ్వరమొచ్చినా ఫోన్‌నే అడిగేవాణ్ని, బయట వాన పడుతోందా అన్నది కూడా కిటికీ తెరవకుండా ఫోన్‌లోనే చూసుకునేవాణ్ని. రోడ్డు మీద ఒకరిని ఆపి దారి అడగడం చదువుకోనివాళ్ల పని అని నా గట్టి అభిప్రాయం. (చదువుకున్నవాణ్ని కాబట్టి నేను తప్పిన దారులకు లెక్కలేదు.)

అలా ఉండగా ఒక వేసవిలో ప్రొద్దుటూరు నుంచి అక్క వచ్చింది. అక్క బడిలో టీచరు, ఆమెకు తీరిక దొరికేది ఎండాకాలంలోనే. చూసిపోదామని వచ్చానంటూనే, లింగంపల్లి స్టేషన్ బయట ఆటో ఎక్కేలోపలే అసలు సంగతి చెప్పేసింది. నాన్నకు బట్టల కొట్టులో కూర్చోవడానికి మనిషి కావాలి. ఆ మనిషి నేనే అని ఆయన ఎప్పుడో నిర్ణయించుకున్నాడు. "వాడు ఆడ ఎట్లుండాడో నువ్వే పోయి చూసిరా. సొంతంగా బతికే తెలివి ఉంటే ఉండనీ, లేకుంటే వెంటబెట్టుకొని రా" అని పంపాడట. నేను ఇక్కడ ఉండాలా, కొట్టులో కూర్చుని చీరలు మడత పెట్టాలా అన్నది ఇప్పుడు అక్క చెప్పబోయే ఒక్క మాట మీద ఆధారపడి ఉంది.

గదిలో చూపించి మెప్పించడానికి ఏమీ లేదు. పొయ్యి మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. (వంట ఎలాగూ చేయను కదా, ఆ చోటు వృథా ఎందుకని.) అక్క వాటిని ఒక్కొక్కటే తీసి మడత పెట్టింది, నాకు కొట్టు గుర్తొచ్చి భయమేసింది. అందుకని బయట తిప్పి మెప్పిద్దామనుకున్నాను. అక్కకు నీళ్లంటే ప్రాణం. మా ఊరి పక్కన పెన్న ఉన్నా, మేం ఎక్కువగా చూసింది అందులోని ఇసుకనే. జలపాతం అన్నది అక్క పాఠంలో చెప్పడమే గానీ కళ్లతో చూసింది లేదు. దక్షిణం వైపు వెళ్తే అది ఇంటి దారి, అక్క అటు నుంచి అటే తీసుకుపోతానంటే దిక్కులేదు. ఉత్తరానికి పోదామని ఫోన్‌లో వెతికితే నిర్మల్ దాటాక ఒక జలపాతం తగిలింది. ఫొటోల్లో పాలు పొంగినట్టు ఉంది, చూసొచ్చినవాళ్లు రేటింగు చుక్కలు ధారాళంగా ఇచ్చారు. ఆ ఫొటోలు ఏ నెలలో తీశారన్న అనుమానం నాకు రాలేదు.

కారు కిరాయికి తీసుకుని తెల్లవారుతూనే బయలుదేరాం. ఇక్కడ నా డ్రైవింగ్ గురించి చెప్పాలి. నేను కారు నేర్చుకున్నది గచ్చిబౌలికీ హైటెక్ సిటీకీ మధ్య. ఆ రోడ్డులో రెండో గేరు దాటే భాగ్యం ఎవరికీ కలగదు. ఎప్పుడైనా మూడో గేరు పడితే ఆఫీసులో నలుగురికీ చెప్పుకునేవాళ్లం. మేడ్చల్ దాటి నాగపూర్ రోడ్డు విశాలంగా తెరుచుకునేసరికి కారు గోల పెట్టడం మొదలుపెట్టింది.

"ఏంరా, బండి అట్ల మొత్తుకుంటాంది?" అంది అక్క.

"కొత్త బండి అక్కా, ఇట్లనే ఉంటది."

"మేం పోయే బస్సు డ్రైవరైతే ఈ పాటికి గేరు మార్చుంటాడు."

పౌరుషమొచ్చి నాలుగో గేరు వేశాను. కారు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆగిపోయిందేమోనని నేను కంగారుపడ్డాను. అక్క కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

నిర్మల్ దాటాక ఫోన్ మమ్మల్ని ఎడమకు, మళ్లీ ఎడమకు తిప్పి, ఒక పత్తిచేను గట్టు దగ్గరికి చేర్చి, సిగ్నల్ లేక మూగబోయింది. "ఎవర్నన్నా అడుగురా" అంది అక్క. "వద్దక్కా, ఇప్పుడొస్తది" అంటూ ఫోన్‌ను ఆకాశానికి చూపిస్తూ నిలబడ్డాను. ఎండ నెత్తికెక్కుతోంది. చివరికి అక్కే దిగి, మేకలు తోలుకుపోతున్న ఒకాయనను ఆపింది.

"అన్నా, ఈడ జలపాతం యాడుండాది?"

"గదో, గా గుట్ట కాడ్నేనమ్మా. గని ఇప్పుడేం జూస్తరు? నీళ్లు లెవ్వు. వానలు వడ్డంక రాండ్రి."

"ఫోన్‌లో ఉన్నాయండీ" అన్నాను నేను. ఆయన నా వైపు జాలిగా చూసి మేకల వెంట వెళ్లిపోయాడు.

నిజంగానే నీళ్లు లేవు. నల్లటి బండ మీద, ఎప్పుడో నీళ్లు పారాయని గుర్తుగా తెల్లటి చార ఉంది. అక్క చాలాసేపు ఆ చారను చూస్తూ నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక కొట్టు తప్పేట్టు లేదు, చీరలు మడత పెట్టడం ఎలాగో ఇప్పటినుంచే గుర్తు చేసుకోవాలి అనుకున్నాను.

"ఇంత దూరం వచ్చినాం కదా, పైకన్నా ఎక్కుదాం పా" అంది అక్క.

ఈ ప్రయాణం కోసమే కొన్న ట్రెక్కింగ్ బూట్లు నావి, మామూలు రబ్బరు చెప్పులు అక్కవి. సగం ఎక్కేసరికి బూట్లు మడమలు కొరికేశాయి. వాటిని చేత్తో పట్టుకుని, కాలే బండల మీద గెంతుతూ అక్క వెనకాలే వెళ్లాను. పైన బండల మధ్య గుంటలో కాసిని నీళ్లు మిగిలి ఉన్నాయి. చీలమండ కూడా సరిగ్గా మునగదు. అక్క చెప్పులు విడిచి అందులో కాళ్లు పెట్టి కూర్చుంది. పక్కన నేనూ నా బొబ్బలతో కూర్చున్నాను. "చల్లగుండాయి రా" అంది, నిజంగా సంతోషంగా. అంత సంతోషానికి నేను తగనని అనిపించి తల వంచుకున్నాను.

ఆ ఎత్తులో సిగ్నల్ అంది ఇద్దరి ఫోన్లకూ ప్రాణమొచ్చింది. రాగానే అక్క ఫోన్ మోగింది, నాన్న. నేను నీళ్లలోకి చూస్తూ చెవులు అటే పెట్టాను.

"బాగనే ఉండాడు నాయనా" అంది అక్క. "దోవ తెలీకుంటే నలుగుర్ని అడిగి కనుక్కుంటాండాడు. కారు కూడా బాగ తోల్తాండాడు. వాని గురించి బెంగపడొద్దు. కొట్టుకు ఇంగెవర్నన్నా చూసుకో."

నేను ఏదో అనబోయాను. నీళ్లలోనే అక్క నా కాలు తొక్కింది, సరిగ్గా బొబ్బ మీద.

ఇప్పుడు పుప్పాలగూడలో ఉంటున్నాను. సొంత కారుంది, ఐదో గేరు కూడా అలవాటైంది. నన్ను ఈ ఊళ్లో నిలబెట్టింది నా తెలివితేటలే అని ఆఫీసులో అందరూ అనుకుంటారు. నిలబెట్టింది అక్క ఆ గుట్ట మీద ఆడిన అబద్ధం. దాన్ని కొంచెమన్నా నిజం చేయాలని, ఎక్కడికి వెళ్లినా, దారి బాగా తెలిసిన చోట కూడా, కారు ఆపి ఒకరిని అడుగుతాను. వెనక సీట్లో మా పిల్లలు నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది గానీ, వాళ్లకింకా ఈ సంగతి చెప్పలేదు.