గేటు దగ్గరి తెరమీద మా చెల్లెలి పేరు

దయ్యాలూ గాలి సోకడాలూ నేను ఏనాడూ నమ్మలేదు. ఆస్పరి దగ్గర ఒక పల్లెలో, చర్చి సంఘంలోని ఆడవాళ్లకు వాక్యం చెప్పే పని నాది. దయ్యం పట్టిందని నా దగ్గరికి తెచ్చిన వాళ్లలో చాలామందికి ఒంట్లో రక్తం ఉండేది కాదు. ప్రార్థన చేసి, ఆదోని ఆసుపత్రికి పొమ్మని చెప్పేదాన్ని.

ప్రభువు అద్భుత కార్యాలు చేస్తాడని మాత్రం గట్టిగా నమ్ముతాను. అయినా ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేస్తే, అందులో చూసిందెంత, విన్నదెంత అని అడగడం నా అలవాటు. అందుకే నాకు జరిగినదాన్ని కూడా చూసినంత మేరకే రాస్తున్నాను.

మా చెల్లెలు కరుణమ్మ భర్త పోయినప్పటి నుంచి ఏటా సుగ్గికి పోయేది. వానలు లేనప్పుడు మా పడమటి పల్లెల జనం పని వెతుక్కుంటూ ఊరు విడవడాన్ని సుగ్గి అంటాం. మొదట్లో గుంటూరు పక్క మిరప కోతలకు పోయేది. రెండేళ్లుగా హైదరాబాదు పడమటి అంచున లేస్తున్న ఐటీ ఊరికి, మేడలు కట్టే పనికి పోతోంది. ఆదివారం ఆరాధన ముగిసే వేళకు ఫోను చేసి, ఆ రోజు ఏ వాక్యం చెప్పారని అడిగేది.

రెండు ఆదివారాలు ఫోను రాలేదు. మేము చేస్తే స్విచాఫ్. మేస్త్రీని పట్టుకుంటే, ముఠాను వేరే ఊరికి మార్చేశామనీ, ఆమె జ్వరం తగిలి ఆగిపోయిందనీ, ఎక్కడ ఆగిందో తనకు తెలియదనీ అన్నాడు. సంఘమంతా ప్రార్థన చేసి నన్ను పంపింది. డోన్‌లో రైలెక్కాను.

ఆ ఊరిని మొదట ఒక నడక వంతెన మీది నుంచి చూశాను. మా వైపు గుట్టల్లాంటి రాతి గుండ్లే అక్కడా ఉన్నాయి. వాటిని పగలగొట్టి, ఆ సందుల్లో ముప్పై నలభై అంతస్తుల గాజు మేడలు లేపారు. ఒక మేడ గాజులో ఇంకో మేడ కనబడుతోంది, అందులో మబ్బు నడుస్తోంది. అంత పెద్ద ఊళ్లో తయారయ్యే సరుకేదీ కంటికి కనబడదు. కంప్యూటర్ల ముందు కూర్చుని ఎక్కడెక్కడి దేశాల పనులో నడిపిస్తారట. ఆ కూర్చునే వాళ్ల చుట్టూ ఇంకో ఊరుంది: వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, కాపలావాళ్లు, బండ్ల మీద అన్నం డబ్బాలు మోసేవాళ్లు, పునాదులు తవ్వే మా జనం.

అందరి మెడల్లోనూ కార్డులు, కార్డుల మీద పేర్లు. ఆ కార్డు చూపితేనే తలుపు తెరుచుకుంటుంది. ఇన్ని వేల కిటికీల వెనక ఉన్న ఒక్కొక్కరినీ ప్రభువు ఎరుగును కదా అనుకున్నాను. ఆ వంతెన మీదే కాసేపు తల వంచుకుని నిలబడ్డాను.

రెండు రోజులు గేటు గేటుకూ తిరిగాను. రాత్రిళ్లు ఒక ప్రార్థన మందిరం వరండాలో పడుకున్నాను. ప్రతి గేటు దగ్గరా పేరు అడిగేవాళ్లు, చెప్పేదాన్ని, మిషన్‌లో చూసి లేదనేవాళ్లు.

మూడో రోజు పొద్దున పది గంటలప్పుడు, మొదటి రోజు లేదనిపించుకున్న గేటుకే మళ్లీ వెళ్లాను. అది సగం కట్టిన ఆఫీసు మేడ. ఈసారి కాపలా మనిషి వేరు. పేరు మస్తాన్, కడప వాడు. నా మాట వినగానే గుర్తుపట్టాడు.

"ఏమక్కా, సీమ మాట వినపడతాంది. ఈడ గేటుకొకరు మనోళ్లే ఉండారులే. పైన ఏసీలో కూసునేటోళ్లే తక్కువ."

పేరు చెప్పాను. మిషన్‌లో కొట్టి చూశాడు. ఆ పేరున ఎవరూ లేరన్నాడు.

"ఇంగొక్కసారి చూడప్పా. యాడికని పోదును నేను?" అన్నాను.

బల్ల మీద చేతులు ఆనించి కళ్లు మూసుకున్నాను. పెద్ద ప్రార్థనేమీ రాలేదు. చెల్లెలి పేరు ఒక్కటే లోపల చెప్పుకున్నాను. అతను మళ్లీ కొట్టిన చప్పుడు వినబడింది. కళ్లు తెరిస్తే, తెరను నా వైపు తిప్పి పెట్టి ఉన్నాడు.

మా చెల్లెలి ఫోటో. దాని కింద తెలుగు అక్షరాల్లో కరుణమ్మ. దాని కింద షెడ్డు మూడు, గది పదకొండు. నాకు ఇంగ్లీషు రాదు. ఉన్నది ఉన్నట్టు పైకి చదివాను. మస్తాన్ కూడా చదివాడు.

గేటు ఇంకొకరికి అప్పగించి అతనే నా వెంట వచ్చాడు. మేడ వెనక నీలం రేకుల షెడ్లున్నాయి. పదకొండో గదిలో మా చెల్లెలు నేలమీద పడి ఉంది. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. పిలిస్తే పలకలేదు. ఆటోలో ఆసుపత్రికి చేర్చాం. డెంగీ అన్నారు. సాయంత్రం దాకా ఆగి ఉంటే చేయగలిగింది ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది.

చేర్చుకునేటప్పుడు ఆధార్ కార్డు అడిగారు. చెల్లెలి సంచిలోంచి మస్తాన్ తీసి, చూసి, నా ముఖం చూశాడు.

"అక్కా, ఈమె పేరు మాదేవి అని ఉండాదే."

నా తప్పు నాకు అప్పుడు తెలిసింది. మాలో చాలామందికి రెండు పేర్లుంటాయి, సంఘంలో ఒకటి, కాగితాల్లో ఒకటి. చెల్లెలు పుట్టినప్పుడు మా నాయనమ్మ పట్టుబట్టి మాదేవి అని పెట్టింది, బడిలోనూ అదే రాయించింది. బాప్తిస్మం రోజున కరుణమ్మ అయింది. ఆ రోజు నుంచి పాత పేరు నోట రానివ్వకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను. పలికిన వాళ్లను కసిరేదాన్ని. కార్డులో ఆ పేరే ఉందన్న సంగతి కూడా మరిచిపోయాను. మొదటి రోజే ఆ గేటు దగ్గర మాదేవి అని చెప్పి ఉంటే, అప్పుడే దొరికేది.

మరి తెరమీద కరుణమ్మ అని ఎలా వచ్చింది?

ఆ సాయంత్రం మస్తాన్ ఆసుపత్రికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ముఖంలో నవ్వు లేదు. తిరిగి గేటుకు పోయి కరుణమ్మ అని ఐదారుసార్లు కొట్టి చూశాడట, ఏమీ రాలేదు. మాదేవి అని కొడితే ఫోటో, షెడ్డు, గది అన్నీ వచ్చాయి, ఇంగ్లీషులో. ఆ మిషన్ చూసుకునే ఇంజనీరును అడిగితే, అందులో తెలుగే పెట్టలేదన్నాడట.

అక్కచెల్లెళ్లం ఒకే పోలిక కాబట్టి, మిషన్ నా ముఖం చూసి పట్టిందేమో అని నేనే అడిగాను. ముఖం చూసే మిషన్ కూలీలు పోయే దారిలో ఉందనీ, నేను నిలబడిన చోట లేదనీ చెప్పాడు. చెల్లెలికి తెలివి వచ్చాక ఆమెనూ అడిగాను. సంఘం పేరు అక్కడ ఎవరికీ చెప్పలేదట, అందరూ మాదేవక్కా అనేవాళ్లట.

"నువ్వు చదివిందే నేనూ చదివినా అక్కా," అన్నాడు మస్తాన్. "మా పెద్ద దర్గాలో నిలబెట్టి అడిగినా ఇదే చెప్తా."

ఊరికి వచ్చాక సంఘంలో సాక్ష్యం చెప్పాను. మనం పెట్టుకున్న పేరుతోనే ప్రభువు మనల్ని ఎరుగునని పెద్దలు దానికి అర్థం చెప్పారు, అందరూ స్తోత్రం అన్నారు. నేను ఆ మాట అనలేకపోయాను. అదే షెడ్డులో పద్నాలుగో గదిలో ఒడిశా మనిషి ఒకడు అదే జ్వరంతో చనిపోయాడని మస్తాన్ చెప్పాడు. నేను మొదటిసారి ఆ గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగిన రోజునే. అతన్నీ ఇంట్లో వాళ్లు ఏదో పేరుతో పిలుచుకునే ఉంటారు.

ఇప్పుడు సుగ్గికి పోయే ప్రతి మనిషికీ రెండు పేర్లూ పలికి ప్రార్థన చేస్తున్నాను. చెల్లెల్ని మాదేవి అని పిలిచినా పలుకుతోంది, కరుణమ్మ అన్నా పలుకుతోంది.

ఆ అక్షరాలు ఎవరు రాశారని అడిగితే నా విశ్వాసం జవాబు చెబుతుంది. ఎలా రాశారో నాకు తెలియదు. మూడు గదుల అవతల పడి ఉన్న మనిషి కోసం ఎందుకు రాయలేదో అంతకన్నా తెలియదు.